కప్ప ఒడ్డున, చెవి నీళ్లలో

మన తెలుగువాళ్లు తాళానికి పెట్టుకున్న పేర్లు ఎప్పుడైనా గమనించారా? వేలాడేదాన్ని కప్ప అన్నారు, తిప్పేదాన్ని చెవి అన్నారు. తాళంకప్ప, తాళంచెవి. ఆ పేర్లు పెట్టినవాడెవడో గాని మహా దూరదృష్టి గలవాడు. కప్పకి నీళ్లంటే భయం లేదు. చెవిలోకి నీళ్లు పోతేనే ప్రమాదం. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, సముద్రానికి వెళ్లినప్పుడు కప్ప కారుతోబాటు ఒడ్డున ఉండిపోతుంది, చెవి మనతోబాటు నీళ్లలోకి రావలసి వస్తుంది. నానినా ఫరవాలేనిది గట్టుమీద, నానకూడనిది కెరటాల్లో! ఈ తిరకాసుకి మన జనం ఒక పరిష్కారం కనిపెట్టారు. నా తగాదా ఆ పరిష్కారంతోనే.

ఆ పరిష్కారం పేరు అమ్మ. కొన్ని ఇళ్లలో అత్తయ్య, కొన్ని ఇళ్లలో పిన్ని, ఇంకొన్నిచోట్ల వదినగారు, కాళ్లనొప్పుల నాయనమ్మ. పేరేదయినా ఉద్యోగం ఒకటే. కారు దిగి ఇసకలో అడుగు పెట్టగానే ఇంటాయన జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టి, "పట్టుకో" అంటాడు. వెనకాలే కొడుకు సెల్‌ఫోను, అల్లుడు పర్సు, కూతురు చేతిగడియారం, మనవడు కళ్లజోడు. ఆ పైన చెప్పులు, అన్నీ కలిపి అయిదారు జతలు. ఇన్నీ ఆవిడ ఒళ్లో కుప్ప పోసి, "ఇప్పుడే వచ్చేస్తాం" అని అందరూ పరిగెత్తుతారు. ఆ ఇప్పుడే రెండు గంటలకు తక్కువుండదు. మనిషిని బీరువా చేసే ఈ ఆచారం మన సముద్ర తీరం నించి లేచిపోవాలని నా వాదం. వినే ఓపిక ఉంటే వినండి.

మాది తగరపువలస. విశాఖపట్నం నించి శ్రీకాకుళం పోయే పెద్ద రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. పాతవాళ్లకి అది అయిదో నంబరు రోడ్డు, 2010లో నంబర్లు మార్చాక పదహారో నంబరు. శ్రీకాకుళం, విజయనగరం వైపుల నించి భీమిలి సముద్రానికి వచ్చేవాళ్లు చాలామంది మా దగ్గరే మలుపు తిరుగుతారు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది కూడా తాటిపూడి మీదుగా దిగి, మా ఊరిని పలకరించి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంచేత ఆదివారం పూట మా ఊళ్లోంచి రెండు ప్రవాహాలు భీమిలికి పోతుంటాయి. ఒకటి గోస్తని, రెండోది కార్లు. మొదటిది వేసవిలో సన్నబడుతుంది. రెండోది ఏ కాలంలోనూ సన్నబడగా నేను చూడలేదు. ఆ కార్లలో ఎన్ని ఉంటే అన్ని తాళంచెవులు. ఎన్ని తాళంచెవులు ఉంటే ఇసకలో కూచున్న ఆడవాళ్లు ఇంచుమించు అంతమంది. కావలిస్తే లెక్క చూసుకోండి.

పూర్వం ఈ గొడవ లేదు. మాఘపౌర్ణమికో, కార్తీక పౌర్ణమికో జనం బస్సుల్లో, బళ్లలో సముద్రస్నానానికి వచ్చేవాళ్లు. ఇంటి తాళంచెవి అమ్మ బొడ్డున ఉండేది. గుత్తితో సహా ఆవిడ మూడు మునకలు వేసేది. ఇనప తాళంచెవికి స్నానం చేస్తే పుణ్యమే గాని పాపం లేదు. ఇంటికొచ్చి తుడిచి, ఒక కొబ్బరినూనె చుక్క రాస్తే మరో పదేళ్లు పనిచేసేది. మగవాళ్లకయితే మొలతాడు ఉండనే ఉంది. ఒంటిమీంచి ఊడదు, అద్దె అడగదు, ఎక్కడ పెట్టామో మరిచిపోయే వీలు లేదు. అంతకన్నా గొప్ప లాకరు ఏ బ్యాంకులో ఉంది చెప్పండి?

కార్లు వచ్చాక కూడా చాలాకాలం ఇబ్బంది లేకపోయింది. అంబాసిడరు కారు తాళంచెవి శుద్ధ లోహపు ముక్క. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది గాని, దాని తాళంచెవి ఎవరింట్లోనైనా ఉంటే తీసి బకెట్లో వేసి చూడండి. మర్నాడు పొద్దున్న తీస్తే అలాగే ఉంటుంది. దానికి మెదడు లేదు. అది దాని అదృష్టం.

ఇప్పటి తాళంచెవికి మెదడు పెట్టారు. నల్లటి ప్లాస్టిక్ బిళ్ల, దాని పొట్టలో రూపాయి బిళ్లలాటి బ్యాటరీ, ఒక చిన్న విద్యుత్ పలక, మీట నొక్కితే కారుకి కబురందించే రేడియో. ఇంకా లోపల ఒక చిప్పు. కారులో ఉండే యంత్రం ఆ చిప్పును పలకరించి, దాని రహస్య సంఖ్య సరిపోతేనే ఇంజను కదలనిస్తుంది. దీన్ని ఇమ్మొబిలైజర్ అంటారు. దొంగలు తీగలు కలిపి కార్లు ఎత్తుకుపోకుండా పెట్టిన ఏర్పాటు. మంచిదే. కాని దాని స్వభావం దుష్యంత మహారాజు స్వభావం. శకుంతల ఎదురుగా నిలబడినా, కడుపులో బిడ్డ ఉన్నా, ఉంగరం చూపించకపోతే "నువ్వెవరో నాకు తెలీదు" అన్నాడే, సరిగ్గా అదీ వరస. నెలనెలా వాయిదాలు కట్టింది మీరే కావచ్చు, పండక్కి పసుపు కుంకుమ పెట్టింది మీరే కావచ్చు, చిప్పు కనబడకపోతే మీ కారు మిమ్మల్ని ఎరగదు. కాళిదాసు నాటకంలో ఉంగరం జారిపోయింది కూడా నీళ్లలోనే అన్న సంగతి మరిచిపోకండి. ఆ చేప మింగిన ఉంగరం బెస్తవాడి ద్వారా తిరిగి రాజుగారికి చేరింది. మీ తాళంచెవిని భీమిలిలో ఏ కోనాం చేపో మింగితే, ఆ చేప మీ ఇంటి పులుసులోకే వస్తుందన్న పూచీ ఏమీ లేదు.

సరే, పోకుండా జేబులోనే ఉందనుకుందాం. తడిస్తే ఏమవుతుంది? మంచినీళ్లలో పడితే ఆరబెట్టి బతికించుకోవచ్చు. ఉప్పునీళ్ల సంగతి వేరు. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది. బ్యాటరీ ఉన్న పలకమీద ఆ నీరు చేరితే, పారకూడని చోట విద్యుత్తు పారి, సన్నటి రాగి గీతల్ని తినేయడం మొదలుపెడుతుంది. నీళ్లు ఆరినా ఉప్పు అక్కడే ఉంటుంది. మళ్లీ గాలిలో తేమ తగలగానే మళ్లీ తింటుంది. విశాఖ తీరంలో తేమకి కరువా? అందుకే కొన్ని తాళంచెవులు ఆ సాయంత్రం బాగానే పనిచేసి, వారం తరవాత కన్నుమూస్తాయి. కొత్తది చేయించాలంటే ఖర్చు వేలల్లో మాట. కారును కంపెనీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. తీసుకెళ్లడానికి తాళంచెవి కావాలి!

ఈ భయం చేతనే జనం నానా ఉపాయాలూ పన్నుతున్నారు. వాటిని ఒక్కొక్కటే పరామర్శిద్దాం.

మొదటిది చక్రం ఉపాయం. అటూ ఇటూ చూసి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, తాళంచెవిని ముందు టైరు మీద పెట్టడం. ఇది తనకొక్కడికే తట్టిందని ప్రతివాడి నమ్మకం. కార్లు ఆపే చోట ఓ గంటసేపు ఊరికే కూచుని చూడండి, ఎంతమంది చెప్పులు సరిచేసుకుంటారో తెలుస్తుంది. మీరు చూడగలిగినదాన్ని దొంగ చూడలేడా? వాడి ఉద్యోగమే అది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అన్నది పాత సామెత. ఇక్కడ దొంగకి చేతికివ్వడం కూడా లేదు, కారు పక్కనే సిద్ధంగా పెట్టి మరీ వెళ్తున్నాం. పైగా ఇప్పటి కార్లలో కొన్ని, తాళంచెవి దగ్గర్లో ఉంటే చాలు, తలుపు పట్టుకోగానే తెరుచుకుంటాయి. అంటే టైరు మీద తాళంచెవి పెట్టిన కారుకి అసలు తాళమే లేదన్నమాట.

రెండోది ఇసక ఉపాయం. చెప్పుకింద గొయ్యి తీసి పాతిపెట్టడం, పైన గుర్తుకి ఒక పుల్ల గుచ్చడం. సముద్రం ఒకచోట కదలకుండా ఉంటుందని వీళ్లకి ఎవరు చెప్పారో తెలియదు. పోటు వస్తే పుల్లా ఉండదు, చెప్పూ ఉండదు. పోటు రాకపోయినా, ఏ పిల్లవాడో ఆ పుల్ల పీకి ఇసక గూడు మీద జెండాగా పెట్టుకుంటాడు. ఆ తరవాత ఒక సంసారం యావత్తూ మోకాళ్లమీద కూచుని భూమిని తవ్వుతూ ఉంటుంది. చూసేవాళ్లు తాబేలు గుడ్లకనుకుంటారు.

మూడోది మొక్కజొన్నపొత్తుల బండివాడి ఉపాయం. "బాబూ, కాస్త చూస్తూండు" అని వాడి బల్లమీద పెట్టడం. పాపం, వాడు నిజాయితీపరుడే. తొంభైతొమ్మిది పాళ్లు మీ తాళంచెవి మీకిస్తాడు. కాని వాడు పొయ్యి ఊదుకోవాలా, చిల్లర ఇవ్వాలా, మీ కారు కాయాలా? పోయిందంటే వాణ్ణే ముందు అనుమానిస్తారు. రెండు పొత్తులు కొన్నందుకు ఒక పేదవాడి నెత్తిన పది లక్షల వస్తువు పెట్టడం ఏ న్యాయం?

నాలుగోది ప్లాస్టిక్ సంచీ ఉపాయం. నీళ్లు చొరని సంచీలు బజార్లో దొరుకుతున్నాయి. మెడలో వేసుకోవచ్చు, నడుముకి కట్టుకోవచ్చు. ఇది మన మొలతాడుకి వారసురాలే కాబట్టి నాకు కొంత అభిమానం ఉంది. కాని కొన్న రోజునే నమ్మి తాళంచెవి వేసేయకండి. ముందు ఒక కాగితం ముక్క అందులో పెట్టి, మూతి బిగించి, బకెట్ అడుగున అరగంట బరువేసి ఉంచండి. కాగితం పొడిగా వస్తే అప్పుడు మాట్లాడండి. బకెట్ నీళ్లు బుద్ధిమంతులు, కదలవు. కెరటం అలా కాదు, పీకుతుంది, మెలిపెడుతుంది. మోకాలి లోతుకి పనికొచ్చిన సంచీ, కెరటాలకి ఎదురీదేవాడికి పనికిరాకపోవచ్చు.

అయిదోది సర్ఫింగ్ చేసేవాళ్ల ఉపాయం. పలకమీద నిలబడి కెరటాల మీద జారే కుర్రాళ్లు మన రుషికొండ వైపు కూడా కనిపిస్తున్నారు. వాళ్ల పలకకీ కాలి మడమకీ మధ్య ఒక తాడు ఉంటుంది. ఆ తాడు పట్టీలో కొన్నిటికి చిన్న జేబు కుడతారు, తాళంచెవి కోసమే. లాగుల్లో కూడా లోపల ఒక దారపు ముడి పెడతారు. ప్రపంచంలో ఎక్కడికెళ్లినా ఈ విద్య సూత్రం ఒకటే: నీళ్లలోకి వచ్చేదాన్ని కట్టు. మన మత్స్యకారులకి ఇది కొత్తా? తెప్ప అంటేనే దుంగల్ని తాడుతో కట్టినది. అయితే ఆ జేబులో పట్టేది సన్నటి లోహపు తాళంచెవి మాత్రమే. మెదడున్నది పట్టదు, పట్టినా బతకదు.

అందుకని వాళ్లు ఇంకో తెలివి చేస్తారు. మెదడున్న బిళ్లల్లో చాలావాటిలో ఒక లోహపు తాళంచెవి దాగి ఉంటుంది. పక్కన చిన్న మీట నొక్కి లాగితే బయటికి వస్తుంది. ఇది తలుపు తీస్తుంది, ఇంజను నడపదు. దాన్ని ఒంటికి కట్టుకుని, బిళ్లని కారులోనే దాచి, తలుపు చేత్తో తాళం వేసి వెళ్తారు. చిక్కేమిటంటే, బిళ్ల లోపలుందని కనిపెట్టిన కారు తాళం పడనివ్వదు, లేదా ఎవరు పట్టుకున్నా తెరుచుకుంటుంది. దానికి విరుగుడు మా ఊరి పేరులోనే ఉంది! లోహపు పెట్టె లోపలికి బయటి విద్యుత్ ప్రభావం చేరదని 1836లో మైకేల్ ఫారడే అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త గది గోడలకి లోహపు రేకు అంటించి మరీ నిరూపించాడు. కాబట్టి తాళంచెవి బిళ్లని చపాతీలు చుట్టే రేకులో రెండు మూడు మడతలు చుట్టి, గట్టి మూతగల బిస్కట్ల డబ్బాలో, అదే తగరపు పూత పూసిన రేకు డబ్బాలో పెడితే, దాని మాట కారుకి వినబడదు. ఇది ఇంటి దగ్గర, కారు అద్దం దించి, రెండో తాళంచెవి చేత్తో పట్టుకుని ముందు పరీక్షించుకోవాలి. సముద్రం దగ్గర మొదటిసారి ప్రయోగం చేసేవాడికి శాస్త్రం సహాయం చెయ్యదు. లోహపు చెవితో తలుపు తీస్తే కొన్ని కార్లు కేకలు పెడతాయి. డబ్బాలోంచి బిళ్ల తీసి చూపిస్తే ఊరుకుంటాయి.

ఇందులోనూ ఒక లొసుగు ఉంది. కారు పోయిందంటే బీమా కంపెనీ వాళ్లు రెండు తాళంచెవులూ చూపించమంటారు. ఒకటి కారులోనే వదిలి వెళ్లాం అంటే, మీ అజాగ్రత్తే కారణమని పేచీ పెట్టడానికి వాళ్లకి దారి దొరుకుతుంది. కనుక డబ్బా ఉపాయం పూర్తి మందు కాదు, ఉపశమనం.

చూశారుగా, ప్రతి ఉపాయానికీ ఒక తొర్ర ఉంది. అందుకనే చివరికి అందరూ ఆరోదానికి వస్తారు. తొర్ర లేనిది, ఖర్చు లేనిది, నోరెత్తనిది. అమ్మ. "పట్టుకో."

ఇక్కడ పెద్దమనుషులు నాతో వాదానికి దిగుతారు. "మా ఆవిడకి నీళ్లంటే భయమండీ, ఒడ్డున కూచోడమే ఆవిడకిష్టం" అంటారు. అయ్యా, ఆవిడకి భయమో, ఇష్టమో, ఎప్పుడు కనుక్కున్నారు? ఒళ్లో ఇరవై వస్తువులు పోసి, "వస్తావా?" అని అడిగితే ఎవరైనా ఏమంటారు? భోజనాల దగ్గర అందరికీ వడ్డించి, ఆఖరున గిన్నె అడుగుది తినే మనిషి, "నాకు ఆకలి లేదులే" అంటే అది ఆకలి లేకనే అనుకునే అమాయకత్వం మనకి ఇంట్లోనే అలవాటయింది. దాన్ని సముద్రం దాకా మోసుకొచ్చాం. కోరి కూచున్నవాళ్లు కూచోవచ్చు. నా పేచీ కోరకుండా కూచోబెట్టిన వాళ్ల తరఫున.

"తడిబట్టలతో ఆడవాళ్లు నలుగురిలో ఎలా తిరుగుతారండీ?" అని మరో ప్రశ్న. ఇది మంచి ప్రశ్న. ఇందులో నిజం ఉంది. దీనికి జవాబు ఆడవాళ్లని ఒడ్డున కూచోబెట్టడం కాదు, బట్టలు మార్చుకునే గదులు కట్టించడం, కట్టించిన వాటికి తలుపూ గడియా నీళ్లూ ఉండేలా చూడడం. చూసేవాళ్ల కళ్లు మంచివి కావని చెప్పి చూడబడేవాళ్లకి శిక్ష వెయ్యడం ఎక్కడి తీర్పు?

ఇవన్నీ మర్యాదకి సంబంధించిన మాటలు. అసలు మాట ఇంకా చెప్పలేదు. అది ప్రాణానికి సంబంధించినది.

విశాఖ తీరం చూడడానికి అందంగా ఉంటుంది గాని మెత్తనిది కాదు. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి వెళ్లేటప్పుడు కొన్నిచోట్ల ఒక సన్నటి పాయగా పోగుపడి లోపలికి లాక్కుపోతాయి. దీన్ని రిప్ కరెంట్ అంటారు. చిత్రమేమంటే, ఆ పాయ ఉన్నచోట కెరటం పెద్దగా విరగదు, నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి. పిల్లల్ని దింపడానికి ఇదే మంచి చోటని అక్కడే దింపుతారు. నది సముద్రంలో కలిసే చోట ప్రవాహాలు మరీ తిరకాసు. అందులో చిక్కుకున్నవాడు ఒడ్డుకి ఎదురీదితే అలసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, పాయ దాటాక ఒడ్డుకి తిరగాలి.

ఇంకో సంగతి. మునిగిపోయేవాడు మన సినిమాల్లోలా చేతులూపి "రక్షించండి" అని కేకలు వెయ్యడు. నోరు నీటి పైకి వచ్చిన ఆ క్షణం ఊపిరి తీసుకోడానికే చాలదు, ఇంక కేకెక్కడ? చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి గాని పైకి లేవవు. చప్పుడు లేకుండా, నిమిషం తిరక్కుండా అయిపోతుంది. పక్కన ఉన్నవాడికి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. దాన్ని పసిగట్టాలంటే ఒడ్డున ఒక మనిషి, వేరే పని పెట్టుకోకుండా, రెప్ప వెయ్యకుండా నీళ్లకేసి చూస్తూ ఉండాలి.

మరి ఒడ్డున ఉన్న మన మనిషి ఏం చూస్తోంది? సంచీ చూస్తోంది. కుక్క చెప్పు ఎత్తుకుపోకుండా చూస్తోంది. కెరటం వచ్చి సెల్‌ఫోన్లు తడపకుండా సామాను వెనక్కి జరుపుకుంటోంది. పక్కన తచ్చాడుతున్న కుర్రవాడు ఎందుకు తచ్చాడుతున్నాడో చూస్తోంది. ఒళ్లోని ఫోను మోగితే ఎవరిదో వెతుకుతోంది. తాళంచెవి ఉందా లేదా అని నిమిషానికోసారి కొంగు ముడి తడుముకుంటోంది. ఈ పనులన్నీ అయ్యాక మిగిలిన సగం కన్నుతో మనవణ్ణి చూస్తోంది. ఇల్లాలికున్నవి రెండు కళ్లే. వాటిని వస్తువులకి అప్పగించి, మనుషుల్ని గాలికి వదిలేశాం. కారుకి రెండో తాళంచెవి కంపెనీ వాడే ఇస్తాడు. పిల్లవాడికి రెండోవాడు ఉండడు.

"లైఫ్‌గార్డులు ఉన్నారుగా" అంటారు. ఉన్నచోట ఉన్నారు, వాళ్లకి దండం పెట్టాలి. కాని భీమిలి నించి విశాఖ రామకృష్ణా బీచి దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు తీరం. జనం ఎక్కడ నచ్చితే అక్కడ కారాపి దిగుతున్నారు. ప్రతి కెరటానికీ ఒక లైఫ్‌గార్డుని పెట్టగలరా? మీ పిల్లవాడి ముఖం గుర్తున్న కళ్లు మీ ఇంటివే.

కాబట్టి నేననేది చిన్న మాట. వస్తువులు కాయడానికి వస్తువుల్ని పెట్టండి, మనుషుల్ని కాయడానికి మనుషుల్ని పెట్టండి. సముద్రం ఒడ్డున లాకర్లు కావాలి. ఇనప బీరువా, అందులో నంబరు వేసిన గూళ్లు, ఒక్కొక్క గూటికి ఒక మామూలు ఇనప తాళంచెవి, మెదడు లేనిది. దానికి సాగే పట్టీ ఒకటి, ముంజేతికో మడమకో వేసుకోడానికి. నీళ్లలో అది తడిస్తే తడవనివ్వండి, ఎండితే ఎండనివ్వండి. మెదడున్న తాళంచెవి గూట్లో పొడిగా, సెల్‌ఫోన్లతో కబుర్లు చెప్పుకుంటూ కూచుంటుంది.

ఇదేం దేవతలు దిగి చెయ్యవలసిన పనా? తిరుమలలో రోజూ వేలమంది దర్శనానికి ముందు సెల్‌ఫోన్లు అప్పగించి, రసీదు పుచ్చుకుని వెళ్తున్నారు. ఏ గుడికి వెళ్లినా చెప్పుల స్టాండు ఉంటుంది. రైల్వే స్టేషన్లలో క్లోక్‌రూములు బ్రిటిషు కాలం నించీ నడుస్తున్నాయి. భీమిలి సంగతి చెప్పనక్కర్లేదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకం కోసం వచ్చి దిగిన రేవు అది, 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడ్డ ఊరు. పడవల సరుకంతా ఎత్తి దింపి దాచిన పట్నానికి ఇవాళ ఒక తాళంచెవి దాచే చోటు కరువయిందా? రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. 33 నిబంధనలు తీరిస్తే గాని రాని జెండా అది. నీటి శుభ్రతా, ప్రాణరక్షణా, మరుగుదొడ్లూ అన్నీ చూస్తారు. జెండా వచ్చిన చోటా, రాని చోటా, కారు ఆపినందుకు రుసుము వసూలు చేసే ప్రతిచోటా, ముప్పై నాలుగోదిగా ఈ గూళ్ల బీరువా ఉండి తీరాలని నా డిమాండు.

కారు ఆపినందుకు డబ్బు తీసుకుని, "మీ వాహనానికి మీదే బాధ్యత" అని చీటీ వెనక అచ్చు వేస్తారు చూశారా, దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బాధ్యత మాదయితే రుసుము దేనికి, నేలకా? సరే, నేలకే అనుకుందాం. ఆ రుసుములో ఒక పాలు తీసి బీరువా కొనండి. దాన్ని నడపడం ఏదో డ్వాక్రా మహిళా సంఘానికి అప్పగించండి. గూటికి ఇంతని తీసుకుంటే వాళ్లకి నాలుగు డబ్బులు వస్తాయి. ఒక ఆడమనిషి జీతం లేకుండా ఇరవై వస్తువులు కాసే బదులు, ఇద్దరు ఆడవాళ్లు జీతం పుచ్చుకుని రెండొందల గూళ్లు కాస్తారు. చేసే పనికి పేరు, కూచునే కుర్చీ, పైన నీడ ఉంటాయి.

తాళం విలువ మా వైపు వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. పక్కనే చిట్టివలస జ్యూటు మిల్లుకి 2009లో లాకౌటు పడినప్పుడు, గేటుకి వేసిన ఒక్క తాళం ఎన్ని ఇళ్ల పొయ్యిలకి పడిందో మేం చూశాం. తాళం ఎవరు వేశారు, చెవి ఎవరి చేతిలో ఉంది, బయట ఎవరు మిగిలిపోయారు అన్న మూడు ప్రశ్నలూ మాకు ఆనాటి నించీ అలవాటు. సముద్రం ఒడ్డున కూడా అవే అడుగుతున్నాను. తాళం కారుది. చెవి అమ్మ చేతిలో. బయట మిగిలిపోయింది కూడా అమ్మే.

లాకర్లు వచ్చేదాకా ఏం చెయ్యాలంటారా? వంతులు వేసుకోండి. అరగంట మీరు, అరగంట మీ అబ్బాయి, అరగంట అల్లుడుగారు. అల్లుడు కదా అని మొహమాటపడకండి, సముద్రం దగ్గర లాంఛనాలు లేవు. వంతులో ఉన్నవాడు సామాను సంచీలో పెట్టి మూతి కట్టి, దానిమీద కూచుని, కళ్లు మాత్రం నీళ్లమీద పెట్టాలి. సామాను కూడా సగానికి సగం ఇంటి దగ్గరే వదిలి రండి. గడియారం లేకపోయినా పొద్దు వాలుతుంది, పర్సు నిండా కార్డులు లేకపోయినా మొక్కజొన్నపొత్తు దొరుకుతుంది.

వచ్చే ఆదివారం మా జంక్షన్‌లో మలుపు తిరిగి భీమిలి వెళ్లినప్పుడు, తాళంచెవి తియ్యబోయే ముందు చెయ్యి ఒక్క క్షణం జేబులోనే ఆపండి. "పట్టుకో" అన్న మాట నోట్లోనే ఉంచి, "నువ్వు పద, నేను చూస్తుంటాను" అనండి. ఆవిడ వెంటనే ఒప్పుకోదు. "నాకెందుకులే, మీరెళ్లండి" అంటుంది. అది జవాబు కాదు, అలవాటు. రెండోసారి అనండి. అప్పటికీ కదలకపోతే ఆవిడ ఒళ్లోంచి సంచీ తీసేసుకోండి. చేతులు ఖాళీ అయితే కాళ్లు వాటంతట అవే నీళ్లకేసి నడుస్తాయి.